ఫణిగిరి నాణేలు, భిక్షువుల అపరిగ్రహం

ఒకప్పటి నల్లగొండ జిల్లాకు, నేడు సూర్యాపేట జిల్లాకు చెందిన ఫణిగిరి కొండ మీద నిజాం కాలంలో, 1940 దశకంలో మొదలై, 2000 తర్వాత మళ్లీ సాగిన తవ్వకాలు మహాస్తూపాన్ని, చైత్యగృహాలు అనే ఆరాధనా మందిరాలను, భిక్షువులు నివసించిన విహారాలను, బుద్ధుని జీవిత ఘట్టాలు చెక్కిన తోరణ శిల్పాలను వెలికి తెచ్చాయి. 2024లో అక్కడే ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం ఉన్న వీటిని ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించారు. సర్వం త్యజించినవారి క్షేత్రంలో ఇంత ధనానికి చోటెలా కుదిరిందన్నది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

భిక్షువుల నడవడిని నిర్దేశించే పాళీ వినయ పిటకం వెండి బంగారాలనే కాదు, వ్యవహారంలో చెల్లే ఏ నాణేన్నైనా స్వీకరించరాదని శాసించింది. వైశాలిలో జరిగిన రెండవ సంగీతిలో, అంటే భిక్షువుల మహాసభలో, వివాదానికి వచ్చిన పది అంశాలలో ధన స్వీకారం ఒకటి. అయినా దాతలు ఇచ్చే సొమ్మును గృహస్థుడైన కప్పియకారకుడు, అంటే సంఘం తరఫున వ్యవహరించే సేవకుడు, తీసుకుని, దానితో చీవరాలు అనే భిక్షు వస్త్రాల వంటి తగిన వస్తువులు సమకూర్చే ఏర్పాటును అదే వినయం అనుమతించింది. నాసిక్ గుహా శాసనంలో ఉషవదాతుడు అనే దాత 3,000 కార్షాపణాలను సాలెల శ్రేణుల వద్ద అక్షయనీవిగా, అంటే అసలు తరగకుండా వడ్డీ మాత్రమే వాడుకునే శాశ్వత నిధిగా, ఉంచి భిక్షువుల వస్త్రాల వంటి అవసరాలకు వినియోగించమన్నాడు. ఫణిగిరిలోనే ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరపు శాసనం ప్రధాన వైద్యుడొకరు ధర్మచక్రాన్ని ప్రతిష్ఠించిన సంగతి చెబుతుంది. భిక్షువు త్యాగం గృహస్థు దానం మీద ఆధారపడిందనడానికి ఇవన్నీ సాక్ష్యాలు.

కనుక నాణేలు దొరికినంత మాత్రాన అక్కడి భిక్షువులు నియమం తప్పారని తీర్పు చెప్పడం తొందరపాటు. బంధానికి మూలం వస్తువు కాదని, దాన్ని నాదని పట్టుకునే ఉపాదానమని బౌద్ధం బోధించింది. అయితే మనసులో ఆశ లేకపోతే చాలని అది సరిపెట్టుకోలేదు. తనలోని ఆశను తానే గుర్తించలేని మనసు బలహీనతను ఎరిగి, ధనానికీ భిక్షువు చేతికీ మధ్య మరొకరిని నిలిపింది. ఆ ఎడం చెరగనంత కాలం సంఘానికి సంపద ఉన్నా భిక్షువు నిర్ధనుడే. అది చెరిగిననాడు కుండలో ఒక్క నాణెమున్నా వైశాలి వివాదం మళ్లీ మొదలైనట్లే.