అన్నము పెట్టుటయే దయయా?

ఆకలిగొన్న ప్రాణికి అన్నము పెట్టుట పుణ్యమని చిన్ననాటినుండి వినుచున్నాము. ఆ పెట్టుట వలన ఆ ప్రాణికే కీడు కలుగునెడల అది దయ యగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుపడలేదు. లండనులో కుమారుని యింటికి వెళ్లిన మా అక్కగారి వలన వచ్చినది.

ఆ మహానగరములో నక్కలు ఇండ్ల నడుమనే కాపురముండును. మన పొలముల వైపు ఊళలు పెట్టు నక్క వేఱు. అచ్చటిది ఎఱ్ఱని బొచ్చును, తెల్లని కొసగల గుబురుతోకయు గలిగి, మన గుంటనక్కకు దగ్గఱి చుట్టము. 1930 ప్రాంతమున నగరము శివారులకు ప్రాకి, ఇంటింటికి పెరడు ఏర్పడగా, ఆ పెరళ్లు నక్కలకు అనుకూలమైనవి. వానపాములు, ఎలుకలు, పురుగులు, రాలిన పండ్లు, మనుష్యులు పాఱవైచిన యెంగిలి వాని ఆహారము. 2011లో, కట్టుబడిలో నున్న షార్డ్ అను ఆకాశహర్మ్యము 72వ అంతస్తున ఒక నక్క పట్టుబడినది. పనివారు విడిచిన తిండితో అది అచ్చట బ్రదికినదట!

మా అక్కగారు రాత్రి మిగిలిన పెరుగన్నము పళ్లెములో పెట్టి పెరటిలో నుంచెడివారు. మొదట నక్క గోడ చాటున నిలిచి, ఆమె లోనికి పోయిన పిమ్మట తినెడిది. నెల తిరుగక మునుపే పట్టపగలు గుమ్మము కడకు రాసాగినది. ఒకనాడు తెఱచియున్న వంటగదిలో దూరినది. ప్రక్క యింటివారికి పసిబిడ్డ కలదు. వారు వచ్చి మా మేనల్లునితో తగవు పడిరి. వారి భయము అకారణమని అనజాలము. 2010లో తూర్పు లండనులో ఇంట నిద్రించుచున్న కవల పసికందులను నక్క కఱచినది. అట్టివి మిక్కిలి అరుదు, నిజమే. నక్క సహజముగా మనిషిని చూచి తొలగిపోవు జంతువు. ఆ తొలగుటయే దానికిని మనకును రక్ష. చేతి తిండి మరిగినచో ఆ వెఱపును కోల్పోవును. పెట్టిన చేయి ఒకరిది, ఫలము అనుభవించువారు వేఱొకరు. వీసా గడువు తీఱి అక్కగారు మరలి వచ్చిన పిమ్మట, ఆ పళ్లెమునకు అలవాటుపడిన ప్రాణి గతి యేమి?

పట్టించి చంపించుటయే ఉపాయమని ప్రక్కవారి వాదము. అదియు నిలువదు. ఒక నక్క తొలగినచో ఖాళీయైన తావును మఱియొకటి ఆక్రమించును. చేయదగినవి చిన్న పనులే. చెత్తడబ్బాకు గట్టి మూత వేయవలెను. కోళ్ల గూటికి బలమైన ఇనుప వల కట్టవలెను. రాత్రివేళ తలుపులు మూయవలెను. పెరటి కొట్టు క్రింది సందులను గూడ మూయవచ్చును గాని, మార్చి నెల ప్రాంతమున అందు పిల్లలు పుట్టును. అవి వెడలువఱకు ఆగవలెను. చలికాలపు రాత్రులలో వినవచ్చు వికృతమైన కేకలు అవి జతగూడు కాలపువి. వానికి వెఱవ బనిలేదు.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. బ్రిటను నక్కలలో రేబిస్ వ్యాధి లేదు. మన దేశములో కలదు. ఇచ్చట నక్క కఱచినను గీఱినను వెంటనే సబ్బుతో, ధారగా పడు నీటిలో 15 నిమిషములు కడిగి, ఆసుపత్రికి పోయి టీకాలు వేయించుకొనవలెను. ఇప్పటికిని పసరు మందుకు పరుగిడువారు కలరు.

ఈ సంగతులన్నియు అక్కగారికి ఫోనులో చెప్పితిని. "దాసోహం జరిగిన ఇంట్లో పుట్టినదాన్నిరా తమ్ముడూ! ఆకలితో వచ్చిన జీవిని వట్టినే ఎలా పంపను?" అనిరి. పెట్టువాడు 'నేను' అను తలపు విడుచుటయే గదా దాసోహమునకు ప్రాణము. ఆ నక్క తినుచుండగా చూచు సంతోషము ఎవరిదక్కా అని అడిగితిని. ఆమె కొంతసేపు మాటాడలేదు.

పళ్లెము ఎత్తివేసి మూడు వారములైనది. ఇప్పటికిని రాత్రి అది వచ్చి, పళ్లెముండిన చోటు వాసన చూచి, గోడ దాటి పోవుచున్నదట. దీపము ఆర్పి, అద్దపు తలుపు వెనుక నిలిచి ఆమె చూచుచుందురట.