పన్నెండంకెలు

జహీరాబాద్‌లో కిరాయి అర్ర కోసం తిరిగినప్పుడు ఎవరూ నన్ను కులమడగలేదు. ఆధార్ జిరాక్సడిగిండ్రు. అందులో కులం గడి లేదు, నిజమే. కానీ చిరునామాలో ఊరి పేరుకు ముందు 'హరిజనవాడ' అని అచ్చై ఉంది. ఆ పేరు మేం పెట్టుకున్నది కాదు. ఇంటాయన కాగితం చదివి, "మా చుట్టాలొస్తున్నరు సార్" అన్నడు. నేను సర్కారు బడి పంతులునని, మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదేనని ఆ కాగితంల లేదు.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిదిమంది గోప్యత ప్రాథమిక హక్కని ఒక్కమాటగా తేల్చిండ్రు. అదంతా కడుపు నిండినోళ్ల ముచ్చటని కొందరు మిత్రులంటరు. వాడ పేరు దాచుకుంటే తప్ప అర్ర దొరకనోనికి అదేమవుతదో వాళ్లే చెప్పాలె.

అవ్వది ఇంకో కథ. చెరుకు కొట్టి, అల్లం తవ్వి ఆమె వేలిగీతలు అరిగినయి. రేషన్ మిషన్ ఎన్నోసార్లు ఆమెను గుర్తుపట్టలేదు. మా తాత వేలిముద్రను మాత్రం దొర కాగితం ఎన్నడూ కాదనలేదు. రెండెకరాలు అట్లనే పోయినయి. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒకడు రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది ముద్రలకు రబ్బరు అచ్చులు చేసి వేల సిమ్‌లు తీసిండు. అసలు వేలుకు పలకని మిషన్లు రబ్బరు వేలుకు పలికినయి.

ఇంత తెలిసీ, జూన్‌ల బడి తెరవంగనే నేనూ ఆధార్ జిరాక్సులే అడుగుత. బడిల చేరడానికి అది తప్పనిసరి కాదని 2018 సెప్టెంబరు 26 తీర్పులో ఉంది. అయినా ఆన్‌లైన్‌ల గడి ఖాళీగుంటే పైనుంచి ఫోనొస్తది. మొన్న ఒక పిల్ల చిరునామా మీద బొటనవేలు అడ్డం పెట్టి కాగితం చూపింది. వేలు తియ్యమనలేదు. పన్నెండంకెలు మాత్రం ఎక్కించిన.