నష్టం ముందు మన మనసు

పెట్టిన సొమ్ము పోతే మోసగాణ్ణి తిట్టుకుంటాం. అది న్యాయమే. కాని మన మనసే మనల్ని మోసగించే సందర్భాలు లేవా? ప్రియ పాఠకులారా, ఈ వారం దాన్ని గురించి ఆలోచిద్దాం.

ఉస్మాన్‌గంజ్ టోకు వ్యాపారిని చూడండి. ధర పడిపోతున్న సరుకును, కొన్న ధర వచ్చి తీరాలన్న పట్టుదలతో గోదాములో ఉంచుకోడు. వచ్చిన కాడికి అమ్మి, ఆ డబ్బును మరో సరుకులో తిప్పుతాడు. షేర్లు కొన్న మనమో, "కొన్న ధర వస్తే అమ్మేస్తాను" అంటూ కూర్చుంటాం. మనం ఎంతకు కొన్నామో బజారుకు తెలియదు కదా! నూరు రూపాయలు వచ్చిన సంతోషం కన్నా నూరు పోయిన బాధే మనిషికి ఎక్కువని డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1979లోనే వివరించారు. ఆ బాధను ఒప్పుకోలేకే నష్టాన్ని పట్టుకుని వేలాడతాం.

సత్యం కంప్యూటర్స్ సంగతి మన హైదరాబాదు మరువలేదు. 2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థలను సుమారు 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మదుపుదారులు మండిపడడంతో గంటల్లోనే విరమించుకుంది. మరునాడు షేరు ధర బాగా పడింది. అది హెచ్చరిక. అయినా "మన తెలుగువాళ్ల కంపెనీ" అన్న అభిమానం, "పడింది మళ్లీ లేస్తుంది" అన్న ఆశ ఇలాంటప్పుడు మనిషిని కదలనివ్వవు. 2009 జనవరి 7న, లేని వేల కోట్ల రూపాయలను ఖాతాల్లో ఉన్నట్టు చూపామని రాజుగారే లేఖ రాశారు. ఆ ఒక్కరోజులో సుమారు 179 రూపాయల షేరు 40కి దిగింది.

ఏళ్ల తరబడి ఆడిటర్లే బయటపెట్టని మోసాన్ని సామాన్యుడు పసిగట్టలేదని తప్పుపట్టలేం. మన తప్పు వేరే చోట ఉంది. కనిపించిన హెచ్చరికను చూడనట్టు నటించడం తప్పు. ఇంటిల్లిపాది భవిష్యత్తును ఒక్క కంపెనీ మీద మోపడం అంతకన్నా పెద్ద తప్పు. ఆ సొమ్ము మన ఒక్కరిదే కాదు. అందులో పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు ఉన్నాయి.

పాపసంకీర్తనానికి ముందు ఆత్మశోధన మనకు అలవాటే. మదుపు విషయంలోనూ అదే మేలు. ఈ షేరు నా దగ్గర లేకపోతే, ఈరోజు ఈ ధరకు కొంటానా? నాకు నచ్చని వార్తను కూడా పూర్తిగా చదివానా? నష్టమెంతో ఇంట్లో చెప్పానా?

ఈ మూడింటికీ నిజం చెప్పుకున్నవాడు కూడా నష్టపోవచ్చు. కాని తనవాళ్ల ముందు తలదించుకోనవసరం ఉండదు.