తుమ్మెదకి కూలి ఎంత?

మా టీమ్‌లో ఒకతను మిన్నియాపొలిస్‌లో ఉంటాడు. నంద్యాల పిల్లాడే. ఇంటి ముందు లాన్ సగం తవ్వేసి అడవిపూల విత్తనాలు చల్లాడు. బంబుల్‌బీల కోసమట. అక్కడ 'రస్టీ ప్యాచ్‌డ్' అనే రకాన్ని 2017లో అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చారు. రెండేళ్ళకి మిన్నెసోటా దాన్ని తమ రాష్ట్ర తేనెటీగ అని ప్రకటించుకుంది. ఫొటోలు చూసి నాకూ ఉత్సాహం వచ్చింది. కానీ మన దేశంలో బంబుల్‌బీలు హిమాలయాల చల్లటి కొండల్లో ఉంటాయి, మే నెలలో చెప్పులు అతుక్కుపోయే కర్నూలు మిద్దెల మీద కాదు. ఇక్కడ వాటి చుట్టం తుమ్మెద. నల్లగా, బొటనవేలి కణుపంత ఉండి, ఎండుకర్రకి బెజ్జం చేసుకుని కాపురముండేది.

దానికోసం ఓర్వకల్లు రాళ్ళ దగ్గర నుంచి తంగేడు కాయలు తెచ్చి, సగానికి కోసిన నీళ్ళ డ్రమ్ముల్లో వేశాను. పక్కన తుమ్మి, గడ్డిచామంతి మొలిస్తే పీకలేదు. "ఏమిరా ఇది, నీళ్ళు పోసి కలుపు పెంచుతాండావు?" అంది అమ్మ. ఒకప్పుడు కూలికి పోయి కలుపు తీసిన మనిషి. అందరం చెప్పే జవాబే చెప్పాను: "ఇవి లేకపోతే పంటలు పండవమ్మా." తంగేడు పూవులో తేనె ఉండదు. పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో ఉంటుంది, బయటికి రావడానికి చివర చిన్న రంధ్రమే దారి. తుమ్మెద పూవుని గట్టిగా పట్టుకుని రెక్కల కండరాలు వణికిస్తే, ఉప్పుడబ్బా దులిపినట్టు రాలుతుంది. వంకాయ, టమాటా పూలూ ఇలాంటివే. మామూలు తేనెటీగకి ఈ విద్య రాదు. వంకాయ మాట వినగానే అమ్మ తగ్గింది.

తర్వాత ఆ జవాబు నాకే గుచ్చుకుంది. ఎందుకంటే పూలకి పుప్పొడి అంటించే పని మా ఇంట్లో మనిషే చేసింది. మా పెద్దమ్మ కూతురు, పత్తి విత్తనాల చేలో, క్రాసింగ్‌కి పోయేది. హైబ్రిడ్ విత్తనం కావాలంటే పురుగుల్ని నమ్మలేరు, ఏ పూవు పుప్పొడి ఏ పూవు మీద వేస్తాయో చెప్పలేం. 1970లో గుజరాత్‌లో సి.టి. పటేల్ తయారుచేసిన హెచ్-4 వచ్చినప్పటి నుంచీ ఆ పని వేళ్ళదే. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలన్నీ తీసెయ్యాలి. మర్నాడు పొద్దున మగవరస పూవు తెచ్చి కీలాగ్రానికి రుద్దాలి. అట్లా ఒక్కో పూవుకీ. కర్నూలు, మహబూబ్‌నగర్ చేలల్లో ఈ పనికి ఎక్కువగా ఆడపిల్లల్నే పెట్టారు. 2003లో దావులూరి వెంకటేశ్వర్లు నివేదిక దీని గురించే. వేళ్ళు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకి సరిపోతారు, చెప్పినట్టు వింటారు అనేవాళ్ళు. అక్క ఆరో తరగతికి పోలేదు.

తుమ్మెద విలువంతా అది చేసే పనిలోనే ఉందంటే, ఆ పని ఇంకొకరితో చవగ్గా చేయించుకోగలిగిన రోజున దాన్ని వదిలేసుకోవచ్చు. మా వృత్తిలో రోజూ చేసే పనే ఇది, పాత లైబ్రరీ తీసేసి కొత్తది పెట్టడం. అక్కని చేలోకి పిలిచినవాళ్ళదీ ఇదే లెక్క. వాళ్ళు ఆమె వేళ్ళని చూశారు.

ఉపయోగం మాట ఎత్తకపోతే ఎవరు వింటారు అంటారా? నిజమే. అమ్మ దగ్గర నేను నెగ్గింది దానితోనే. కానీ అది ఒప్పించడానికి పెట్టుకున్న కారణం. నా అసలు కారణం చెప్పుకుంటే చాలా పేలవంగా ఉంటుంది: అదీ బతకాలనే చూస్తోంది, నా దగ్గర మూడు డ్రమ్ముల చోటుంది. మోటారు నీళ్ళు, ఇంటి నుంచి ఉద్యోగం ఉన్నవాడికి ఈ దయ మరీ చవక, ఒప్పుకుంటాను. కలుపు పీకకపోతే నాకు పోయేదేం లేదు. అమ్మకైతే అప్పట్లో ఆ రోజు కూలి పోయేది. నాకు మొదటిసారి ఖర్చు తగిలింది తుమ్మెద అమ్మ సొరపందిరి గుంజకి బెజ్జం పెట్టినప్పుడు. "పందిరి పడితే నువ్వు కడతావా?" అంది. కడతానన్నాను. గుంజ మార్చలేదు, పక్కన ఇంకోటి పాతాను. పందిరి ఇప్పటికీ కొంచెం ఒరిగే ఉంది.

దసరాకి అక్క వచ్చింది. తంగేడు దగ్గర చాలాసేపు నిలబడి చూసింది.

"దీనికి కూలెంతిస్తాండావురా?"

"పుప్పొడేక్కా. పిల్లలకి తీసుకుపోతాది."

"ఎవరి పిల్లలకి?"

"దాని పిల్లలకే."

"మేలే," అంది. ఒక మొగ్గని అలవాటుగా రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, గిల్లకుండా వదిలేసి, అమ్మని సొరకాయ అడగడానికి కిందికి పోయింది.