కాందిశీక శబ్దం – పునరావాస నీతి
‘కాందిశీకుడు’ అనే తత్సమ శబ్దానికి ‘ఏ దిక్కునకు పోదును?’ అనే ప్రశ్నయే మూలమని వ్యుత్పత్తి. తెలుగులో దిక్కు అనగా దిశ మాత్రమే కాదు, ఆధారం కూడా. ‘దిక్కులేనివాడు’ అనే ప్రయోగంలో వినిపించేది ఈ రెండవ అర్థమే.

1964లో బర్మా ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసిన తరువాత తరలివచ్చి, విశాఖపట్నం కంచరపాలెం వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారిని జనం బర్మా కాందిశీకులనే అన్నారు. ప్రభుత్వ పరిభాషలో మాత్రం వారు స్వదేశానికి మరలివచ్చినవారు. ఈ పేరు గౌరవప్రదమే గాని, అందులో ఒక చిక్కున్నది: స్వదేశానికి వచ్చినవానికి భాష నేర్పనక్కరలేదని ఆ పేరే ముందుగా తీర్పు చెప్పివేస్తుంది. ఇంట తెలుగు మాటాడుతూ బడిలో బర్మా లిపి మాత్రమే దిద్దిన బాలుడు మాతృభాషలోనే నిరక్షరుడు. పరాయి శరణార్థికి అక్షరం నేర్పడం బాధ్యత అయినప్పుడు, సొంతవాడన్న కారణాన ఇతనికి అది లోపించడం న్యాయమా?

బ్రతుకుతెరువుకు అప్పు అవసరమే. 1969లో ఇట్టివారి పునరావాసానికై రెప్కో బ్యాంకు ఏర్పడినది. అయితే పత్రం చదువలేనివాడు పెట్టిన సంతకం అంగీకారమవుతుందా అన్నది ఋణసహాయం తీర్చగల ప్రశ్న కాదు. వృత్తిశిక్షణ విషయమూ ఇంతే. రంగూనులో దుకాణం నడిపిన చేతికి మరొక పని నేర్పవచ్చును. అతని ‘ఏ దిక్కునకు?’ అనే ప్రశ్నకు అతని బదులు వేరొకరు సమాధానమిచ్చినట్లే అవుతుంది.