పల్లవికి మరలి వచ్చుట

ధనుర్మాసమున తెల్లవారకముందే మా అల్లూరులో భజన ఆరంభమగును. తిరుప్పావై సేవించిన పిమ్మట తాళ్లపాకవారి సంకీర్తన ఒకటి పాడుదురు. నలువది యేండ్ల క్రిందట, పాఠశాల చదువు ముగించి వచ్చిన క్రొత్తలో, ప్రతి చరణము చివరను పల్లవినే పాడుచున్న వృద్ధ భాగవతుని ఆపి, "పెద్దయ్యా, ఒకసారి చెప్పినది చాలదా? పునరుక్తి దోషమని శాస్త్రము" అంటిని. ఆయన చిడతలు ఒడిలో పెట్టుకొని, "చరణం వినకముందు పల్లవి వేరు, విన్నాక పల్లవి వేరు స్వామీ" అని మాత్రము చెప్పి పాట అందుకొనెను.

నలుగురి యెదుట ఆ పెద్దను ఆపినందుకు సిగ్గుపడుటకు నాకు చాలకాలము పట్టెను. గురువు ఒకసారి చెప్పగా శిష్యుడు రెండుసార్లు చెప్పు సంతలో పెరిగినవాడను, ఆవృత్తి వలననే నాలుగక్షరములు వచ్చినవాడను, ఆవృత్తినే నిందించితిని!

శాస్త్రమైనను నేను అన్నంతతో ఆగలేదు. ఆలంకారికులు పునరుక్తిని దోషములలో చేర్చినమాట నిజమే. కాని వారే లాటానుప్రాసమును అలంకారముగా అంగీకరించిరి. అందు శబ్దము అదే, అర్థము అదే, తాత్పర్యము మాత్రమే వేరు. మీమాంసకులు ఇంకను ముందునకు పోయిరి. దర్శపూర్ణమాస ప్రకరణమున 'యజతి' అను పదము వరుసగా ఐదుమారులు వచ్చును. ఒక్క యాగమునే ఐదుసార్లు చెప్పిరా అని సంశయము. ఊరక మరల చెప్పుట వ్యర్థము, వేదమున వ్యర్థము లేదు. కావున ఇవి ఐదు వేర్వేరు ప్రయాజములని సిద్ధాంతము. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతునకు ఒకే వాక్యమును తొమ్మిదిసార్లు ఉపదేశించెను. తేనె, నదులు, మర్రిగింజ, నీట కరగిన ఉప్పు, ఇట్లు మారుచున్నవి దృష్టాంతములే. ఆ వాక్యార్థమున ఆచార్యులకు భేదము కలదు, అది ఇచట ప్రస్తుతము కాదు. దృష్టాంతములు చరణములు, ఆ వాక్యము పల్లవి అని నాకు తోచును.

అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలలో పెక్కింటికి పల్లవియు మూడు చరణములును కలవు. రాగిరేకులపై రాగము పేరున్నది గాని స్వరము లేదు. అందుచేత నేడు మనము వినుచున్న వరుసలలో అనేకము రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలగు పెద్దలు కూర్చినవి. పాత వరుస మరుగైనను మరలి వచ్చు నియమము మరుగు కాలేదు, ఏలయన అది మాటలలోనే ఉన్నది. పెక్కు సంకీర్తనలలో చరణాంతపు మాట పల్లవితో అన్వయించినగాని వాక్యము పూర్తికాదు. నేను ఆపుమన్నది పునరుక్తిని కాదు, వాక్యమును! వ్యాకరణము చదివిన నాకు ఇది వినబడకపోవుట వింత.

త్యాగరాజస్వామి కీర్తనలలో సంగతులును ఇట్టివే. మాట కదలదు, రాగము విప్పారును.

అట్లని ప్రతి ఆవృత్తియు మంచిదనను. లెక్క పూర్తిచేయుటకై మైకుముందు తరుముకొనిపోవు భజనలలో నూరవమారును మొదటిమారే. తిరుప్పావైలో ఏనాటి పాశురమును ఆనాడు రెండుమారులు సేవించుట మన సంప్రదాయము. ఆ రెండవమారు కొంచెము నెమ్మదిగా సేవించి చూడుడు.

ఆ భాగవతుడు పరమపదించి చాలయేండ్లైనది. క్షమింపుమని అడుగుటకు నాకు వీలు చిక్కలేదు. ఇప్పుడు నాకు ఊపిరి చాలక చరణములు పిల్లలకు వదలితిని. వారు చరణము ముగించి నావైపు చూతురు. నేను పల్లవి అందుకొందును.