పెరటి కొలను: త్రవ్వినవారు, కాచినవారు

తటాకము త్రవ్వించుట మహాపుణ్యమని మన పెద్దలు చెప్పిరి. సప్తసంతానములని మన కవులును శాసనకర్తలును పేర్కొనిన యేడింటిలో తటాకమొకటి. కొడుకు, దేవాలయము, తోట, కావ్యము, ధననిక్షేపము, అగ్రహారము, వీనితోపాటు దానినిగూడ సంతానముగానే యెంచిరి. ఈ మాటను నేను బాల్యమునుండి వినుచుంటిని. ఉపాధ్యాయుడనైన పిమ్మట తరగతిలో పలుమాఱు వివరించితిని. కాని సంతానమను పదములోని బరువు నాకు తెలిసివచ్చినది గ్రంథములవలన గాదు. మా పెరటిలో నేను త్రవ్వించిన పదియడుగుల కొలనువలన. ఒక మంచి వస్తువును కల్పించినవానిదా పుణ్యము, దానిని నిలిపినవారిదా? కల్పించి, నిలుపలేక విడిచినవాని పనికి పుణ్యమను పేరు చెల్లునా? ఈ ప్రశ్నను నాకు వేసినది వేదాంతి కాడు. మా పొరుగింటి యవ్వ. ఆ కథ చెప్పుటకు ముందు కొలను సంగతి కొంత చెప్పవలసియున్నది.

మాది కడప జిల్లాలో నొక చిన్న పట్టణము. ఎండలకు కొదువ లేని చోటు. 2021వ సంవత్సరమున పెరటిలో కొలను త్రవ్వింపవలెనని నాకు బుద్ధి పుట్టెను. కొలను చెట్టునీడ నుండిన బాగుండునని తోచును గాని యది పొరపాటు. రాలిన యాకులు నీటిలో క్రుళ్లి దానిని చెఱచును. దినమునకు ఐదాఱు గంటల యెండ లేనిచో కలువ మొగ్గ తొడుగదు. కనుక వేపచెట్టునకు దూరముగా, నడిపెరటిలో చోటు చూచితిని. పొడవు పదియడుగులు, వెడల్పు ఆఱడుగులు, నడుమ లోతు మూడడుగులు. లోతు చాలనిచో వేసవిలో నీరు కాగి చేపలు బ్రతుకవు. ఒకవైపు అంచును ఏటవాలుగా రాళ్లతో పేర్పించితిని. కప్పయో ఉడుతయో పడినచో ఎక్కిపోవుటకు దారి యుండవలయును గదా. క్రొత్త సిమెంటు తన సున్నపుగుణమును నీటిలోనికి విడుచును. నీరు నింపి, కొన్ని దినములుంచి, తోడివేయుట మూడు నాలుగు మాఱులు జరిగిన పిదపగాని చేపలను విడువరాదు. కుండలో బంకమన్ను నింపి యెఱ్ఱకలువ నాటించితిని. వాగునుండి పరిగెలను, నీటిపైననే తిరుగుచు దోమపిల్లలను దిను చిన్న చేపలను తెప్పించితిని. దోమలను జంపుటకని 1928లో ఇటలీనుండి మన దేశమునకు దెచ్చిన గాంబూసియా చేపను వేయుమని కొందఱు చెప్పిరి. అది దోమపిల్లలతో నాగక తోకకప్పలను, ఇతరమైన చేపల పిల్లలను గూడ తినునని చదివి మానితిని. ఇదంతయు పుస్తకములు చూచి నేర్చి చేయించిన పని. ముగిసిననాడు తడి సిమెంటుపై నా పేరును, సంవత్సరమును పుల్లతో వ్రాసితిని.

తరువాత ఋతువులు వచ్చెను. మొదటి వాన కురిసిన రాత్రియే కప్పలు చేరినవి. అవి యెక్కడనుండి వచ్చెనో నేటికిని నేనెఱుగను. మఱునాడు జిగురుత్రాళ్లవంటి గ్రుడ్లు నీటిలో తేలుచుండెను. మా ప్రాంతమున నైఋతి వాన వెళ్లిన తరువాత ఈశాన్యపు వానయు వచ్చును గనుక కార్తీకమువఱకు కొలను నిండుగ నుండును. పొరలిన నీరు పొరుగువారి గోడను తడుపకుండ చిన్న కాలువ చేయబడెను. శరత్కాలమున నీరు తేటపడి కలువలు పూచెను. పండిన యాకులు త్రుంపబడుచుండెను. హేమంతమున చేపలు మందగించును; మిగిలిన మేత క్రుళ్లకుండ మేత తగ్గింపబడుచుండెను. శిశిరమున వేపయు కానుగయు ఆకు రాల్చును. గాలికి కొట్టుకొని వచ్చిన యాకు ప్రతిదినము వలతో తీయబడుచుండెను. ఎండలు ముదిరిన పిమ్మట వారమునకు రెండంగుళముల నీరు ఆవిరియై పోవుచుండెను. కుళాయినీరు ఒక దినము తొట్టిలో నిలువయుంచబడి, క్లోరిను వాసన పోయిన తరువాత కొలనులో పోయబడుచుండెను. అడుగుబురదలో మూడవవంతు మాత్రము తీయబడి, అందలి జీవులు మరల నీటిలోనికి ప్రాకిపోవుటకై ఒక రాత్రి గట్టుననే యుంచబడి, మఱునాడు మల్లెపాదులకు చేర్పబడుచుండెను.

చదువరులు గమనించియుందురు. తీయబడుచుండెను, పోయబడుచుండెను అని వ్రాసితిని గాని తీసినదెవరో పోసినదెవరో వ్రాయలేదు. వ్యాకరణము చెప్పి జీవించువాడనయ్యును, ఆ వాక్యములలో కర్త లోపించినదని రెండేండ్లపాటు నాకు తోచలేదు. ఆ కర్త నా భార్య. మిత్రులు వచ్చి కొలనును జూచి నన్ను మెచ్చుకొనుచుండిరి. ఆమె కాఫీ తెచ్చి యిచ్చి, పోవుచుపోవుచు నీటిలో తేలుచున్న ఆకు నొకదానిని తీసి పాఱవేసి లోపలికి వెళ్లుచుండెను. వీథిలో దానికి "అయ్యవారి కొలను" అని పేరు వచ్చెను. ఆ పేరు నాకు సహజముగానే తోచినది.

2023వ సంవత్సరపు వేసవిలో మా యత్తగారికి జబ్బు చేసెను. నా భార్య పుట్టినింటికి పోయి నలువది దినములుండవలసివచ్చెను. పోవునపుడు కొలనునకు చేయవలసిన పనులను ఒక్కొక్కటిగా చెప్పెను. నేను తల యూపితిని. నాకు పరీక్షాపత్రములు దిద్దు పని యుండెను, చదువవలసిన పుస్తకములుండెను, ఎండయు నుండెను. రేపు చూతమనుకొనుచుండగా నీరు మోకాలిలోతునకు దిగెను. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా నిలుచును. రాత్రివేళ నీటిమొక్కలును పాచియు గూడ దానినే పీల్చును. కావున తెల్లవాఱుజామున నది మిక్కిలి కొఱవడును. ఒకనాటి వేకువను చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెఱచుచుండుట చూచితిని. ఆకలిగొన్నవనుకొని గుప్పెడు మేత వేసితిని. ఊపిరాడనివానికి అన్నము పెట్టినట్లయ్యెను. ఆ మేతయు క్రుళ్లి నీటిని మఱింత చెఱచెను. మూడవనాటికి ఒక్క చేపయు మిగులలేదు.

చేపలు లేని నీరు దోమలకు పుట్టినిల్లు. గ్రుడ్డునకు రెక్కలు వచ్చుటకు వేసవిలో పది దినములు చాలును. ఒక సాయంకాలము పొరుగింటి యవ్వ గోడకవతల నిలిచి పిలిచి, "అయ్యవారూ, పూలేమో మీకు, దోమలేమో మాకునా?" అనెను. నేనేదో సమాధానము చెప్పితిని. ఏమి చెప్పితినో జ్ఞప్తి లేదు. తరువాత కొన్ని దినములకు ఆమె మనుమనికి చలిజ్వరము వచ్చెను. రక్తము పరీక్షింపగా మలేరియా యని తేలెను. వాడు మందులతో కోలుకొనెను గాని, కంబళి కప్పుకొని వణకుచున్న యా యేడేండ్ల బాలుని జూచి వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన రొనాల్డు రాసు మన సికిందరాబాదులోనే దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెనని నేను ఏటేట పిల్లలకు చెప్పుచున్నాను. తేదీతో సహా చెప్పగలిగిన నాకు, నా గోడ దాటిపోవు దోమ జ్ఞప్తికి రాలేదు.

ఆ దోమ మా కొలనులోనే పుట్టినదా యని వైద్యునడిగితిని. ఎవరు చెప్పగలరని ఆయన యనెను. ఇందు నాకొక సౌకర్యము కనబడెను. సందేహమున్నచోట దాని ఫలము నిందితునికే చెందవలెనని న్యాయస్థానముల నీతి. కాని అంతఃకరణమను న్యాయస్థానమున నిందితుడును న్యాయాధిపతియు నొక్కడే. అచట సందేహఫలమును తీసికొనుట తనకు తానే లంచమిచ్చుకొనుటవంటిది. నేను చేసినదేదో తెలియకున్నను, చేయనిదేదో నాకు స్పష్టముగ తెలియును. నేను మానిన పనివలన కలిగిన యపాయము నా గోడతో నాగలేదు. పరులయెడ మన ధర్మము మనము చేసిన హానితోనే లెక్కింపబడునని తలంతుము. మనము ఊరక కూర్చుండి కలుగనిచ్చిన హానికిని పద్దు కలదు.

సహోపాధ్యాయుడొకడు, "ఎందుకండీ యీ తద్దినము? పూడ్పించి పాఱవేయండి" అని సలహా యిచ్చెను. నాకును అదియే వైరాగ్యమువలె తోచినది. నా భార్య తిరిగి వచ్చిన నాడు ఆ మాట చెప్పితిని. ఆమె కొంగు బిగించి చచ్చిన యాకులను తీయుచు, తల యెత్తకయే, "త్రవ్వేటప్పుడు నన్నడగలేదు. పూడ్చేటప్పుడైనా అడగండి" అనెను.

ఆ మాటను నేను చాల దినములు విచారించితిని. కొలను త్రవ్వక మునుపు నాకే బాధ్యతయు లేదు. త్రవ్వకుండినచో దోషమును లేదు. ప్రతి మంచి పనిని ప్రతివాడును చేయవలెనను నియమము లేదు. కాని త్రవ్విన తరువాత నా స్థితి మాఱినది. కప్పలు వచ్చినవి, తూనీగలు వచ్చి గ్రుడ్లు పెట్టినవి, వేసవి మధ్యాహ్నములందు పిచ్చుకలు నీటికి వ్రాలుట నేర్చినవి. వానితో నేనే యొడంబడికయు చేసికొనలేదు. అయినను నీరున్నదను నమ్మకమును నేనే పుట్టించితిని. నమ్మకము పుట్టించుటయే యొక మాట యిచ్చుట. పోషింపలేనివాడు పూడ్చివేయుటలో పాపము లేదు. కాని దానికిని ఒక కాలమును, క్రమమును గలవు: గ్రుడ్లున్న వానకాలమున గాక వేసవిలో నీరు తగ్గినపుడు, చేపలను మఱియొక పోషకునికప్పగించి, చెప్పి పూడ్వవలయును. పూడ్చక, కాపాడక, ఉన్నదో లేదో తెలియనట్లు విడుచుటయే దోషము. ఇంతకంటె పెద్ద తప్పు మఱియొకటి నా భార్య మాటలో నున్నది. కాపాడు భారము ఎవరిపై బడునో వారినడుగకయే నేను దానము చేసితిని. పుణ్యము నా పేర, పని యామె పేర వ్రాసితిని.

ఇది నా యొక్కని నడవడి కాదు. మా జిల్లాలోనే పోరుమామిళ్ల యను నూరున్నది. అచటి పెద్దచెఱువును బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు 1369లో కట్టించెను. ఆ సంగతి తెలుపు శాసనమును నేను చదివితిని. చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములను, తగనివైన యాఱు దోషములను అది వివరించును. కట్టనుండి నీరూఱుట, చవుడునేల, రెండు రాజ్యముల యెల్లలో నుండుట, నడుమ మెరక, నీరు తక్కువై పొలము హెచ్చుట, నీరు హెచ్చి పొలము తక్కువగుట, ఇవి యా దోషములు. వేయిమంది మనుష్యులును నూఱు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు అందున్నది. ఎంత చక్కని శాస్త్రము! కాని ఏడవ దోషమొకటి యందు చేర్పవలసియున్నదని నాకు తోచును. అది ఉపేక్ష. తక్కిన యాఱును లేని చెఱువు గూడ దీనివలన పూడిపోవును.

ఈ సత్యము మన పూర్వులెఱుగనిది కాదు. చెఱువుల మరమ్మతుకై దశబంధ మాన్యములిచ్చిరి. తూము తెఱచి మూయుటకు రాయలసీమలో నీరుగంటిని, తెలంగాణమున నీరటిని ఏర్పఱచిరి. వేసవిలో రైతులు చెఱువుమట్టిని బండ్లకెత్తి పొలములకు తోలుకొనుటచే పూడికయు తీఱుచుండెను, నేలయు బలపడుచుండెను. ఆ కట్టుబాట్లు సడలినచోట చెఱువులు మెట్టలైనవి. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ పేరిట పాతచెఱువుల పూడిక తీయింప పూనుకొనుట, క్రొత్తవి త్రవ్వుటకంటె ఉన్నవానిని నిలుపుట ముఖ్యమని యొప్పుకొనుటయే. అయినను మన స్తుతి యెవరికి? శాసనము కట్టించినవానిని కీర్తించును. మన్ను మోసిన వేయిమంది పేర్లు రాతికెక్కలేదు. ఆ పిమ్మట ఆఱువందలయేబది యేండ్లుగా కట్టకు మన్నువేసి, తూము కాచినవారి పేర్లు రాతికెక్కవలెనని యెవరికిని తోచనేలేదు.

సంస్కారప్రియులమైన మనము ఈ దోషమును ముందుగా మనలోనే వెదకికొనవలయును. గ్రంథాలయమునకు ప్రారంభోత్సవము చేయుదుము. మఱుసటి యేడు పుస్తకములకు చెదలు పట్టినవా యని చూడము. రాత్రిపాఠశాల పెట్టుదుము; దీపము వెలిగించువాని జీతమును మఱతుము. స్త్రీల హక్కులను గూర్చి సభలలో ప్రసంగించి యింటికి వచ్చి, ఆ సభకు వచ్చిన యతిథుల భోజనముల భారమును అడుగకయే యొక స్త్రీపై నుంచుదుము. ఆరంభమునకు ఉత్సాహము చాలును. పోషణమునకు ప్రతిదినమును కావలయును. మన పెద్దలు తటాకమును సంతానమనిరి గదా. కని విడిచినవానిని మనము తండ్రియని గౌరవింపము. ఆ కొలతనే తక్కిన యాఱు సంతానములకును ఏల వర్తింపజేయరాదు?

కొలను నేటికిని ఉన్నది. పూడ్పవలదని యిరువురమును కూర్చుండి నిశ్చయించుకొంటిమి, పనులను పంచుకొంటిమి. నీరు పోయుట, బురద తీయుట, వారమున కొకమాఱు దోమపిల్లలున్నవేమో గిన్నెతో ముంచి చూచుట నా వంతు. పసివారు కొద్దిపాటి నీటిలోనైనను మునిగిపోవుదురు గనుక చుట్టును ఇనుపజాలి కట్టించితిమి. ఆ జాలి ఎంత యెత్తుండవలెనో అవ్వ నడిగి కట్టించితిమి. ఆమె మనుమడు తోకకప్పలకు కాళ్లు వచ్చినవేమో చూచుటకు తఱచు వచ్చుచుండును. అవ్వ మాత్రము ఇప్పటికిని సాయంకాలము గోడ దగ్గఱ నిలిచి, నీటివైపు ఒకసారి చూచి, ఏమియు ననక వెళ్లును. ఆ చూపును నేను కోరుకొనుచున్నాను. అట్టి చూపు ఇంకను రెండేండ్లు ముందుగా నామీద నుండవలసినది.

సిమెంటుపై వ్రాసిన నా పేరిప్పుడు సరిగా కనబడదు. దానిమీద పాచి పట్టినది. అంచులన్నియు ప్రతినెల శుభ్రము చేయుచున్నాను గాని అచటి పాచిని తీయుట లేదు.